ఈఎంఐ ఏడేళ్లు, వారంటీ మూడేళ్లు: కారు కొనేముందు వేసుకోవాల్సిన అసలు లెక్క

30 వేల ఫోన్ కొనాలంటే మనం ఎన్ని చూస్తాం! ప్రాసెసర్ ఏంటి, అప్‌డేట్స్ ఎన్నేళ్లు ఇస్తారు, బ్యాటరీ ఎన్ని సైకిల్స్ వస్తుంది, సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా... వారం రోజులు వీడియోలు చూసి గానీ ఆర్డర్ పెట్టం. అదే 10 లక్షల కారు దగ్గరికి వచ్చేసరికి సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, మైలేజీ ఎంత అని అడిగి, టెస్ట్ డ్రైవ్ చేసి, టోకెన్ అమౌంట్ కట్టేస్తాం. ఈ కారు ఆరో ఏట ఎలా ఉంటుంది, అప్పుడు గేర్‌బాక్స్ పోతే ఎవరు డబ్బులు కట్టాలి అనేది షోరూమ్‌లో ఎవరూ మాట్లాడరు.

ఈ ఆర్టికల్‌లో ఫలానా కారు కొనండి అని చెప్పను. ఏ కారుకైనా పనికొచ్చే లెక్క చెప్తాను. అందులో మూడు విషయాలుంటాయి: బండి ఎంత నమ్మకంగా నడుస్తుంది, పాడైతే కంపెనీ ఎంతవరకు భరిస్తుంది, మొత్తం మీద మన జేబులోంచి ఎంత పోతుంది. ఈ మూడింటినీ కలిపే ప్రశ్న ఒకటే: ఈ బండిని మీరు ఎన్నేళ్లు ఉంచుకుంటారు?

ముందు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి

ఉదాహరణకి ఆన్-రోడ్ 10 లక్షల కారుకి 2 లక్షలు డౌన్ పేమెంట్ కట్టి, 8 లక్షలు 9 శాతం వడ్డీకి లోన్ తీసుకున్నారనుకుందాం.

- 5 ఏళ్లకైతే ఈఎంఐ సుమారు రూ.16,600. మొత్తం వడ్డీ దాదాపు రూ.1.96 లక్షలు.
- 7 ఏళ్లకైతే ఈఎంఐ సుమారు రూ.12,870. మొత్తం వడ్డీ దాదాపు రూ.2.81 లక్షలు.

నెలకి 3,700 తగ్గుతుంది కదా అని చాలామంది 7 ఏళ్లకే వెళ్తారు. కానీ కంపెనీ ఇచ్చే స్టాండర్డ్ వారంటీ చాలా కార్లకి 3 ఏళ్లే. అంటే మిగతా 4 ఏళ్లు ఈఎంఐ కడుతూనే ఉంటారు, పెద్ద రిపేరు వస్తే అదీ మీ జేబులోంచే. నెలకి 12,870 కట్టడానికే ఇబ్బంది పడేవాళ్లకి ఒక్కసారిగా 80 వేల బిల్లు వస్తే ఏమవుతుంది? క్రెడిట్ కార్డో, పర్సనల్ లోనో. తక్కువ ఈఎంఐ కోసం టెన్యూర్ పెంచుకున్నవాళ్లకే ఈ రిస్క్ ఎక్కువ అన్నమాట.

అందుకే కొటేషన్ చేతికి రాగానే లోన్ టెన్యూర్, వారంటీ గడువు, బండి ఉంచుకోవాలనుకునే కాలం, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. వీటి మధ్య గ్యాప్ ఎంత ఉంటే అంత రిస్క్ మీది.

ఎక్కువ వారంటీ ఉంటే ఎక్కువ మన్నుతుందా?

అవసరం లేదు. దీనికి రెండు వైపులా ఉదాహరణలున్నాయి.

మారుతి సుజుకి మన దేశంలో చాలాకాలం 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల వారంటీతోనే నడిపించింది. 2024 జులైలో గానీ దాన్ని 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకి పెంచలేదు. వారంటీ తక్కువైనా మెయింటెనెన్స్ తక్కువ, పార్ట్స్ ఎక్కడైనా దొరుకుతాయి అన్న పేరు మీదే జనం కొన్నారు.

ఇంకో వైపు అమెరికాలో హ్యుందాయ్. 1990లలో అక్కడ ఆ కంపెనీకి క్వాలిటీ విషయంలో మంచి పేరు లేదు. ఆ ఇమేజ్ మార్చుకోవడానికి ఆ దశాబ్దం చివర్లో ఇంజిన్, గేర్‌బాక్స్‌లకి 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించింది. అప్పట్లో అది పెద్ద సంచలనం. అంటే పొడవైన వారంటీ వచ్చింది నమ్మకం ఉన్న చోట కాదు, నమ్మకం సంపాదించాల్సిన చోట. అయితే ఇందులో మనకి పనికొచ్చే పాయింట్ కూడా ఉంది. పాడైన ప్రతి పార్టుకీ కంపెనీయే డబ్బు పెట్టాల్సి వస్తే, పార్టు పాడవకుండా చేయడం కంపెనీకే లాభం.

కాబట్టి వారంటీని సర్వర్ల ఎస్‌ఎల్‌ఏ లాగా చూడండి. సర్వర్ డౌన్ అయితే నష్టం ఎవరు భరిస్తారో ఎస్‌ఎల్‌ఏ చెప్తుంది. సర్వర్ డౌన్ అవుతుందా లేదా అనేది దాని ఆర్కిటెక్చర్‌ని బట్టి ఉంటుంది. కారులో ఆ ఆర్కిటెక్చర్ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్, ఎలక్ట్రానిక్స్.

పార్టులు ఎప్పుడు పోతాయి?

బీటెక్‌లో రిలయబిలిటీ గురించి చదివినవాళ్లకి బాత్‌టబ్ కర్వ్ గుర్తుండే ఉంటుంది. ఏ మెషీన్‌కైనా మొదట్లో తయారీ లోపాల వల్ల ఫెయిల్యూర్లు ఎక్కువ. తర్వాత చాలాకాలం తక్కువగా, నిలకడగా ఉంటాయి. చివర్లో అరుగుదల వల్ల మళ్లీ పెరుగుతాయి.

3 ఏళ్ల స్టాండర్డ్ వారంటీ ఈ కర్వ్‌లో మొదటి భాగాన్నీ, మధ్యలో కొంచెం భాగాన్నీ కవర్ చేస్తుంది. ఖరీదైన అరుగుదల మొదలయ్యే చివరి భాగం అందులో ఉండదు. కంపెనీ దగ్గర ప్రతి పార్టు డేటా ఉంటుంది, వారంటీ గడువు ఆ లెక్కలు చూసుకునే పెడుతుంది.

దీన్నిబట్టి రెండు పనులు చేయొచ్చు. ఒకటి, కొత్తగా లాంచ్ అయిన మోడల్‌ని మొదటి నెలల్లోనే కొనకుండా కొంత ఆగడం. మొదటి బ్యాచ్ ఫోన్లలో వచ్చే బగ్స్ లాంటివే ఇక్కడా వస్తాయి, కాకపోతే ప్యాచ్ కోసం బండిని సర్వీస్ సెంటర్లో వదిలి రావాలి. రెండు, మూడేళ్లు నిండడానికి నెల ముందు బండిని పూర్తిగా చెక్ చేయించి, చిన్న శబ్దమైనా, ఆయిల్ చెమ్మ అయినా జాబ్ కార్డు మీద రాయించడం. వారంటీలో ఉండగా కంప్లైంట్ రికార్డ్ అయ్యుంటే, తర్వాత అదే సమస్య పెద్దదైనప్పుడు వాదించడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

ఇంజిన్, గేర్‌బాక్స్ వారీగా రిస్క్

నార్మల్ పెట్రోల్, మాన్యువల్: టర్బో లేని పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్‌బాక్స్ కాంబినేషన్‌లో పాడవడానికి ఉన్న పార్టులే తక్కువ. క్లచ్ ప్లేట్ అరుగుతుంది, మారుస్తారు. బయట మెకానిక్ కూడా చేయగలడు.

ఏఎంటీ: ఇది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. అదనపు రిస్క్ ఆ యాక్చుయేటర్‌దే. క్లచ్ మామూలుగానే అరుగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్ మీద బండిని ఆపి ఉంచే అలవాటు ఉంటే ఇంకా త్వరగా అరుగుతుంది.

టార్క్ కన్వర్టర్: ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఫ్లూయిడ్ ఉంటుంది కాబట్టి ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్‌ని బాగా తట్టుకుంటుంది. మైలేజీ కొంచెం తగ్గినా సిటీకి ఇది నమ్మకమైన ఆటోమేటిక్.

సీవీటీ: స్మూత్‌గా ఉంటుంది. లోపల బెల్టు, పుల్లీలు. దీని ఆయుష్షు ఫ్లూయిడ్ సమయానికి మార్చడం మీద ఆధారపడుతుంది. పాడైతే చాలాసార్లు గేర్‌బాక్స్ మొత్తం మార్చమంటారు.

డీసీటీ: నడపడానికి మజా ఇదే. కానీ డ్రై క్లచ్ రకంలో క్లచ్‌ల వేడి తగ్గించడానికి ఆయిల్ ఉండదు. సాయంత్రం 6 గంటలకి హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి దాకా అంగుళం అంగుళం పాకుతూ పోతుంటే ఆ క్లచ్‌లు వేడెక్కుతాయి. మీ రోజువారీ రూటు అలాంటిదైతే వెట్ క్లచ్ డీసీటీ గానీ, టార్క్ కన్వర్టర్ గానీ ఉన్న మోడల్ చూడటం మంచిది.

టర్బో పెట్రోల్: చిన్న ఇంజిన్‌లోంచి ఎక్కువ పవర్. టర్బో చాలా వేడిలో, చాలా వేగంగా తిరుగుతుంది, దానికి ఆధారం ఇంజిన్ ఆయిలే. ఆయిల్ మార్పు ఆలస్యం చేసినా, తప్పు గ్రేడ్ పోసినా ముందు దెబ్బ పడేది దానికే.

బీఎస్6 డీజిల్: 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటోంది. అది తనని తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కొంతసేపు హైవే వేగంతో నడవాలి. రోజూ ఆఫీసుకి 5 కిలోమీటర్లే వెళ్లేవాళ్లు డీజిల్ కొంటే ఆ ఫిల్టర్ మసితో మూసుకుపోతుంది. వారం వారం హైదరాబాద్ నుంచి ఊరికి వెళ్లొచ్చేవాళ్లకి ఇదే డీజిల్ హాయిగా నడుస్తుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్: టొయోటా పద్ధతి హైబ్రిడ్‌లో మామూలు క్లచ్ ఉండదు, విడిగా స్టార్టర్ మోటార్ ఉండదు, బ్రేకులు కూడా తక్కువ అరుగుతాయి. భయమంతా హైబ్రిడ్ బ్యాటరీ గురించే. దానికి టొయోటా ఇక్కడ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది.

ఈవీ: తిరిగే పార్టులు చాలా తక్కువ. కానీ ఛార్జర్, కన్వర్టర్, కంట్రోల్ యూనిట్ల లాంటి ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. 2024లో హ్యుందాయ్ మన దేశంలో అయానిక్ 5 కార్లని రీకాల్ చేసింది పెద్ద బ్యాటరీ కోసం కాదు, ఛార్జింగ్ కంట్రోల్ యూనిట్ కోసం. ఆ యూనిట్‌లో లోపం ఉంటే బండిలోని చిన్న 12 వోల్ట్ బ్యాటరీ డిశ్చార్జ్ అయిపోతుంది. ఈవీ రివ్యూ చూసేటప్పుడు బ్యాటరీతో పాటు ఈ విడిభాగాల మీద కూడా కన్నేయండి.

రిలయబిలిటీ స్కోర్లు ఎలా చదవాలి?

"100 కార్లకి ఇన్ని సమస్యలు" అనే తరహా సర్వేలు నెట్‌లో బోలెడు కనిపిస్తాయి. జె.డి. పవర్ అమెరికాలో చేసే డిపెండబిలిటీ సర్వే పద్ధతి అదే. వీటిని చూసేటప్పుడు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఇందులో బ్లూటూత్ కనెక్ట్ కాకపోవడం కూడా ఒక సమస్యే, గేర్‌బాక్స్ పోవడం కూడా ఒక సమస్యే. మొదటిది చిరాకు, రెండోది లక్ష రూపాయలు. పైగా అక్కడి మోడల్‌కీ మన మోడల్‌కీ ఇంజిన్, గేర్‌బాక్స్, ఫ్యాక్టరీ, పెట్రోల్, రోడ్లు అన్నీ వేరు.

అంతకన్నా పనికొచ్చేవి ఇవి:

- రీకాల్ చరిత్ర: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, 2021 ఏప్రిల్ నుంచి లోపమున్న బండ్లని వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి వచ్చింది. కంపెనీలు స్వచ్ఛందంగా చేసే రీకాల్స్ కూడా ఉంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొడితే మీ బండికి రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. ఒక కంపెనీ రీకాల్ చేసిందంటే చెడ్డ కంపెనీ అని అర్థం కాదు. అదే పార్టుకి పదే పదే చేస్తే మాత్రం ఆలోచించాలి.
- అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ ఉన్న పాత మోడల్: కొత్త కారు పేరు కొత్తదైనా లోపలి మెషీన్ చాలాసార్లు పాతదే. అది 4, 5 ఏళ్లు నడిపినవాళ్లు ఏమంటున్నారో కనుక్కోండి.
- మీ ఏరియా మెకానిక్: బ్రాండ్ షోరూమ్ బయట ఉండే షెడ్‌లో "ఈ మోడల్ బండ్లు మీ దగ్గరికి దేనికి వస్తుంటాయి అన్నా?" అని అడగండి. ఏ సర్వేలోనూ లేని సమాధానం వస్తుంది.

వారంటీ బుక్‌లెట్‌లో చదవాల్సిన లైన్లు

"3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు" అంటే రెండిట్లో ఏది ముందొస్తే అది. ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి అది రెండున్నరేళ్ల వారంటీయే.

అరిగే వస్తువులు, అంటే బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్, వైపర్లు, ఫిల్టర్లు మామూలుగా వారంటీలోకి రావు. టైర్లకి, 12 వోల్ట్ బ్యాటరీకి వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ విడిగా ఉంటుంది.

సర్వీస్ షెడ్యూల్ తప్పితే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి మంచి కారణం దొరుకుతుంది. 10,000 కిలోమీటర్లు కాలేదు కదా అని ఆపకండి, ఏడాది నిండినా సర్వీస్ చేయించాల్సిందే. ఇన్‌వాయిస్‌లన్నీ పీడీఎఫ్‌లుగా దాచుకోండి.

ఇక గ్యాడ్జెట్ పిచ్చి ఉన్న మనలాంటివాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక మాట. డాష్‌క్యామ్, ఆండ్రాయిడ్ స్టీరియో, ఎక్స్‌ట్రా లైట్లు, యాంబియంట్ లైటింగ్ పెట్టించేటప్పుడు యాక్సెసరీ షాపులో వైరింగ్ కోసి జాయింట్ వేస్తే ఎలక్ట్రికల్ వారంటీ ప్రమాదంలో పడుతుంది. డాష్‌క్యామ్‌ని 12 వోల్ట్ సాకెట్ నుంచో, ఫ్యూజ్ ట్యాప్ అడాప్టర్ ద్వారానో పెట్టుకుంటే కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయక్కర్లేదు. స్టీరియోకి మీ మోడల్ కప్లర్ ఉన్నదే తీసుకోండి. బయట సీఎన్‌జీ కిట్ వేయించడం, ఇంజిన్ ఈసీయూని రీమ్యాప్ చేయించడం అయితే ఇంజిన్ వారంటీని మనంతట మనం వదులుకోవడమే. ఫ్యాక్టరీ సీఎన్‌జీ మోడల్‌కి ఆ సమస్య లేదు.

వారంటీ తయారీ లోపానికే వర్తిస్తుంది, నీళ్లకి వర్తించదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వీధుల్లో ఆగిన బండ్లు కూడా మునిగాయి. అలాంటప్పుడు ఆదుకోవాల్సింది ఇన్సూరెన్స్. అందులోనూ ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే, నీళ్లు లోపలికి పోయి ఇంజిన్ లాక్ అయినప్పుడు క్లెయిమ్ కష్టం. నీళ్లలో ఆగిన బండికి మళ్లీ స్టార్ట్ కొట్టకండి. లోపలున్న నీళ్లని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోయించి, టోయింగ్ పిలవండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా?

ఇక్కడ చిన్న ప్రాబబిలిటీ లెక్క సరిపోతుంది. డీలర్ మూడేళ్ల ఎక్స్‌టెన్షన్‌కి 25,000 అడిగాడనుకుందాం. మీరు భయపడే రిపేరు లక్ష రూపాయలది అనుకుందాం. ఆ మూడేళ్లలో అది వచ్చే అవకాశం 25 శాతం దాటితేనే సగటున మీకు లాభం. నార్మల్ పెట్రోల్ మాన్యువల్‌కి అంత ఉండటం కష్టం. కాబట్టి లెక్క ప్రకారం మానేయొచ్చు. డీసీటీ, టర్బో, సీవీటీ, ఎక్కువ ఎలక్ట్రానిక్స్ ఉన్న టాప్ వేరియంట్, ఈవీ అయితే రిపేరు ఖరీదూ ఎక్కువ, అవకాశమూ ఎక్కువ. అక్కడ తీసుకోవడమే మంచిది.

అయితే సగటు ఒక్కటే చూస్తే సరిపోదు. ఈఎంఐ నడుస్తుండగా లక్ష రూపాయలు ఒక్కసారిగా తీయగలరా అని కూడా చూసుకోండి. తీయగలిగితే మీ ఎమర్జెన్సీ ఫండే మీ వారంటీ. తీయలేకపోతే 25,000 ఖర్చు కాదు, నిద్ర పట్టడానికి కట్టే రేటు.

తీసుకుంటే మూడు చెక్ చేయండి. అది తయారీ కంపెనీదా లేక డీలర్ అంటగడుతున్న ఇంకెవరిదో ప్లానా? దేశంలో ఏ సర్వీస్ సెంటర్లోనైనా చెల్లుతుందా? బండి అమ్మితే కొత్త ఓనర్‌కి బదిలీ అవుతుందా? డెలివరీ రోజే తీసుకోవాలనేమీ లేదు. స్టాండర్డ్ వారంటీ ముగిసేలోపు తీసుకోవచ్చు, కాకపోతే ఆలస్యమయ్యేకొద్దీ రేటు పెరగొచ్చు. మారుతిలో అయితే ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 6 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. 7 ఏళ్ల లోన్ తీసుకున్నవాళ్లకి ఈ గ్యాప్ దాదాపు పూడిపోతుంది.

ఈవీల "లైఫ్‌టైమ్" వారంటీ అంటే ఏంటి?

ఈవీ బ్యాటరీలకి చాలాకాలంగా నడుస్తున్న లెక్క 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఇప్పుడు కంపెనీలు "లైఫ్‌టైమ్" అంటున్నాయి. టాటా 2025లో హ్యారియర్ ఈవీతో ఇది మొదలుపెట్టి, కర్వ్ ఈవీకి, 45 కిలోవాట్ అవర్ నెక్సాన్ ఈవీకి కూడా ఇచ్చింది. ఇక్కడ లైఫ్‌టైమ్ అంటే రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 15 ఏళ్లు, అదీ మొదటి ఓనర్‌కి. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈలకి కూడా మొదటి ఓనర్‌కే లైఫ్‌టైమ్. చేతులు మారితే 10 ఏళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్లు.

సెకండ్ హ్యాండ్ ఈవీ కొనేవాళ్లు అందుకే యాడ్‌లో ఉన్న మాట నమ్మకుండా, రెండో ఓనర్‌కి మిగిలేది ఎంతో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంకో పాయింట్: బ్యాటరీ కెపాసిటీ ఎంతకి తగ్గితే వారంటీ కింద పరిగణిస్తారు? చాలా కంపెనీలు 70 శాతం దగ్గర గీత గీస్తాయి. అంటే 400 కిలోమీటర్లు వచ్చే బండి 290కి పడిపోయినా అది ఆ గీతకి పైనే ఉంది కాబట్టి క్లెయిమ్ ఉండదు. మీ రోజువారీ అవసరం ఆ 70 శాతం రేంజ్‌లో కూడా తీరేలా చూసుకుని కొనండి. పైగా ఈ పెద్ద వారంటీ బ్యాటరీకి మాత్రమే. స్క్రీన్, సస్పెన్షన్, ఏసీ అన్నీ మామూలు వాహన వారంటీలోనే ఉంటాయి.

పెట్రోల్, ఈవీ: జేబు లెక్క

ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం.

- పెట్రోల్: లీటరుకి 15 కిలోమీటర్లు, లీటరు రూ.107 అనుకుంటే 800 లీటర్లకి రూ.85,600.
- ఈవీ, ఇంట్లో ఛార్జింగ్: గోడ దగ్గర యూనిట్‌కి 6 కిలోమీటర్లు వేసుకుంటే 2,000 యూనిట్లు. ఇంటి కరెంటు శ్లాబ్ పెరుగుతుంది కాబట్టి యూనిట్ రూ.9 అనుకుంటే రూ.18,000.
- ఈవీ, బయట ఫాస్ట్ ఛార్జింగ్: యూనిట్ రూ.20 అనుకుంటే రూ.40,000.

ఒకే సైజు పెట్రోల్ కారు కంటే ఈవీ 3 లక్షలు ఎక్కువ అనుకుంటే, ఇంట్లో ఛార్జ్ చేసేవాళ్లకి నాలుగున్నరేళ్లలోపే ఆ తేడా తిరిగొస్తుంది. బయట ఛార్జర్ల మీదే ఆధారపడేవాళ్లకి ఆరున్నరేళ్లు దాటుతుంది. కాబట్టి ఈవీ కొనాలా వద్దా అన్న ప్రశ్నకి సగం సమాధానం మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ పెట్టనిస్తారా లేదా అన్నదే. తెలంగాణలో 2024 నవంబరులో వచ్చిన పాలసీ ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. ఆ గడువులో అక్కడ రిజిస్టర్ చేసుకుంటే ధర తేడా ఇంకా తగ్గుతుంది.

ఉద్యోగం కోసం ఊళ్లు మారేవాళ్లు ఇంకొకటి కలుపుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ లైఫ్ ట్యాక్స్ ఒకేసారి కట్టించుకుంటారు. బెంగళూరుకో పుణెకో మారి అక్కడ 12 నెలలకి మించి బండి ఉంచితే, ఎన్ఓసీ తెచ్చుకుని రీ-రిజిస్ట్రేషన్ చేయించి, అక్కడి ట్యాక్స్ కట్టి, పాత రాష్ట్రం దగ్గర రీఫండ్‌కి అప్లై చేసుకోవాలి. రెండేళ్లలో ఊరు మారే ఆలోచన ఉంటే బీహెచ్ సిరీస్‌కి మీ కంపెనీ ఉద్యోగులు అర్హులో కాదో, మీ ఆర్టీఏలో ఇస్తున్నారో లేదో కొనకముందే కనుక్కోండి.

పాత బండిని ఎప్పుడు వదిలేయాలి?

ఇంట్లో ఏడేళ్ల నాటి బండి ఉంది. మెకానిక్ 60,000 ఖర్చవుతుందన్నాడు. వెంటనే వచ్చే మాట: "బండి విలువే 3 లక్షలు, దానికి 60 వేలా? అమ్మేసి కొత్తది తీసుకుందాం."

ఈ పోలిక తప్పు. రిపేరు ఖర్చుని బండి విలువతో కాదు, కొత్త బండి మొదటి ఏడాది ఖర్చుతో పోల్చాలి. పైన చెప్పిన 8 లక్షల లోన్ 7 ఏళ్లకైతే, మొదటి ఏడాది కట్టే వడ్డీ ఒక్కటే దాదాపు రూ.68,500. దాని మీద ధర తరుగుదల. ఇన్సూరెన్స్ కంపెనీలు బండి విలువ లెక్కకట్టే ఐడీవీ టేబుల్ ప్రకారం ఏడాది నిండేలోపే 15 శాతం, రెండేళ్లు నిండేసరికి 20 శాతం, ఐదేళ్లు నిండేసరికి 50 శాతం తగ్గుతుంది. అంటే 9 లక్షల ఎక్స్-షోరూమ్ బండికి మొదటి ఏడాదిలోనే రూ.1.35 లక్షలు కాగితం మీద పోయినట్టే. వడ్డీ, తరుగుదల కలిపితే 2 లక్షలు దాటింది. 60,000 పెట్టి పాత బండి ఇంకో రెండు మూడేళ్లు నడిస్తే లాభం మీదే.

ఈ లెక్క చెల్లని సందర్భాలు కూడా ఉన్నాయి. ఛాసిస్‌కి తుప్పు పట్టినా, పెద్ద యాక్సిడెంట్‌లో బాడీ వంగినా, వరదలో మునిగి వైరింగ్ అంతా దెబ్బతిన్నా, సేఫ్టీ పార్ట్స్ దొరకకపోయినా ఖర్చు తక్కువని ఉంచుకోకండి. ఏడాదిలో మూడోసారి రోడ్డు మీద ఆగిపోయిందంటే కూడా వదిలేయొచ్చు, ఇంట్లోవాళ్లు రాత్రిపూట దాన్ని నమ్మి బయటికి వెళ్లలేనప్పుడు మిగిలే డబ్బుకి విలువ లేదు.

బుక్ చేసేముందు

- ఎన్నేళ్లు ఉంచుకుంటారో ముందు రాసుకోండి. 4 ఏళ్లలో అమ్మేవాళ్లకి రీసేల్ ముఖ్యం. 8, 10 ఏళ్లు ఉంచేవాళ్లకి సింపుల్ గేర్‌బాక్స్, పార్టుల లభ్యత ముఖ్యం.
- లోన్ వీలైతే 5 ఏళ్లలో ముగించండి. పై ఉదాహరణలో 7 ఏళ్లతో పోలిస్తే వడ్డీలో మిగిలేది సుమారు 85 వేలు. ఎక్స్‌టెండెడ్ వారంటీకి డబ్బు వెతుక్కోవాల్సిన పని ఉండదు.
- టాప్ వేరియంట్‌కి పెట్టే అదనపు లక్షన్నర, రెండు లక్షల్లో సగమైనా మంచి గేర్‌బాక్స్ వైపు మళ్లించండి. స్క్రీన్ తర్వాత మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్ మార్చుకోలేం.
- వారంటీ బుక్‌లెట్ పీడీఎఫ్ డెలివరీకి ముందే అడిగి చదవండి. సేల్స్ ఎగ్జిక్యూటివ్ నోటిమాటగా చెప్పిన ప్రతి హామీని మెయిల్‌లో పెట్టించండి.
- న్యాయమైన వారంటీ క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది.

షోరూమ్‌కి వెళ్లేముందు ఈ ఆర్టికల్‌లోని అంకెల బదులు మీ అంకెలు పెట్టుకుని ఒక షీట్ తయారుచేసుకోండి. అరగంట పని. ఏడేళ్ల ఈఎంఐ ముందు అరగంట ఎంత!